అమ్మమ్మకు వ్యతిరేకంగా మూడు నిమిషాలు

మా అమ్మమ్మ నోరు తెరవాలంటే ముందు ఆవిడ కాళ్ళు కదలాలి. కుట్టు మిషను పలక మీద పాదాలు ఆడుతున్నంతసేపూ మాటలు ధారగా వస్తూనే ఉంటాయి. బాబిన్‌లో దారం అయిపోయి మిషను ఆగిందా, మాట కూడా అక్కడే ఆగుతుంది. సగం వాక్యం గాల్లో వేలాడుతుంటుంది. దారం ఎక్కించి మళ్ళీ తొక్కడం మొదలెట్టాక, "అని మొహం మీదే అనేశా" అంటూ మిగతా సగం పూర్తి చేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరి మొహం మీద ఏమందో తెలియక తెల్లమొహం వేస్తారు. అలవాటున్న మేం మాత్రం నోరు మూసుకుని బాబిన్ నిండేదాకా ఆగుతాం.

ఆ మిషను ఉండేది కౌన్సిల్ వారి మార్కెట్ భవనంలో, పైఅంతస్తుకు వెళ్ళే మెట్ల కింద. ముక్కోణంలా ఉన్న చోటు. మామూలు మనిషి నిలబడితే తల మెట్టుకు కొట్టుకుంటుంది. అమ్మమ్మ నిలబడినా కూర్చున్నా పెద్ద తేడా ఉండదు కాబట్టి ఆవిడకు సరిపోయింది. "నా కొలతలు తీసుకునే కట్టారే దీన్ని" అంటుంది. తాతయ్య పోయిన ఏడాది, ఇంట్లో వెలుతురు చాలక, ఇంట్లో కూర్చుంటే ఏడుపు ఆగక, మిషను తోపుడుబండి మీద వేయించుకుని అక్కడికి వచ్చింది. అప్పటి కాపలావాడు జాలిపడి, "సరేలే అమ్మా, ఓ రెండ్రోజులు పెట్టుకో" అన్నాడట. ఆ రెండ్రోజులు ఇంకా అయిపోలేదు. కాపలావాడు రిటైరై, ముసలివాడై, తన ప్యాంటు నడుము బిగించమని ఆవిడ దగ్గరికే వచ్చి వెళ్ళాడు కూడా.

చిరిగిన జేబులు, పళ్ళూడిన జిప్పులు, పిల్లలు ఎదిగిపోయి పొట్టివైన స్కూలు యూనిఫారాల అంచులు విప్పడం, సంచుల పట్టీలు అతకడం — ఇదీ ఆవిడ పని. కొత్త బట్ట కుట్టదు. "కొత్తది ఎవడైనా కుడతాడు" అంటుంది. ఆ మెట్ల కిందే మా అమ్మను పెంచింది, తర్వాత నన్నూ పెంచింది. నా చదువు కూడా అక్కడే కుట్టింది గానీ, పాపం, అది పదో తరగతి దగ్గర కుట్లు ఊడిపోయింది. ఎన్ని మరమ్మతులు చేసినా నిలవలేదు.

మిషను పక్కన ఓ గుండ్రటి స్టూలు ఉండేది. ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్ట. మెట్లు ఎక్కబోయే ప్రతి ముసలి మోకాలూ ముందు ఆ స్టూలు మీద కాసేపు ఆగేది. గోడకో పెద్ద మేకు ఉండేది. వెనక వీధిలో ఇళ్ళవాళ్ళు పనులకు పోతూ తాళంచెవులు ఆ మేకుకు తగిలించి పోయేవాళ్ళు. బడి వదిలాక, తల్లులు వచ్చేదాకా పిల్లలు ఆ ముక్కోణంలోనే ఇరుక్కుని హోంవర్కులు రాసుకునేవాళ్ళు. అమ్మమ్మ ఎవర్నీ రమ్మనలేదు. పొమ్మననూ లేదు.

మెట్లు దాటి బయటికి వస్తే, వీధి వారగా తాళాలాయన బండి. తాళంచెవులు కోస్తాడు, తాళాలు బాగుచేస్తాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పంటినొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టుకుని ఉంటాడు. అమ్మమ్మను "వదినా" అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, పక్కపక్కన కూర్చుని పోట్లాడుకోవడానికి ఏదో ఒక వరస కావాలి కదా.

"వదినా, ఆ మిషనుకు కాస్త నూనె పొయ్యరాదూ! నా చెవులు తూట్లు పడుతున్నాయి."

"నువ్వు ఆ ఆకురాయి గీకుడు ఆపు, పోస్తా."

పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఇదే. ఇద్దరిలో ఒకరు రాకపోతే రెండోవాళ్ళకు పని సాగదు.

ఇక కమిటీ సంగతి. మార్కెట్ వ్యవహారాలు చూసే కమిటీ ఒకటి నెలకోసారి సాయంత్రం కౌన్సిల్ హాల్లో కూర్చుంటుంది. ప్రజలు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. ఆ సంగతి హాలు తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించారు. ఎలా మాట్లాడకూడదో దాని కింద చిన్న అక్షరాలతో అంటించారు. పెద్ద అక్షరాలు ఒకే వరస. చిన్న అక్షరాలు తలుపు అడుగు దాకా ఉన్నాయి. ఆఖరి నిబంధన చదవాలంటే నేల మీద చతికిలబడాలి.

పేరు ముందు రోజే ఇచ్చుకోవాలి. మాట్లాడేది మూడు నిమిషాలు. బల్ల మీద దీపం ఉంటుంది: ఆకుపచ్చ వెలిగితే మొదలుపెట్టు, పసుపు వెలిగితే ముగించు, ఎరుపు వెలిగితే నోట్లో ఎంత గొప్ప మాటున్నా మింగెయ్. అధ్యక్షురాలి వైపే చూసి మాట్లాడాలి, పక్క కుర్చీలో కునుకు తీస్తున్న సభ్యుడిని ఉద్దేశించి కాదు. ఉద్యోగుల పేర్లు ఎత్తకూడదు. చప్పట్లు కొట్టకూడదు. ఒక్కో విషయం మీద ఆ వైపు ఇద్దరు, ఈ వైపు ఇద్దరు, అంతకు మించి పనికిరాదు. ఏ వైపని పేరిచ్చావో ఆ వైపే మాట్లాడాలి. ఇవన్నీ ఒక ఎత్తు. మా మార్కెట్ వాళ్ళ ప్రాణం తీసింది ఇంకొకటి: ఎవరి దుకాణం గురించి, ఎవరి చోటు గురించి వాళ్ళే సభలో మాట్లాడకూడదు. సొంత గోడు కాగితం మీద రాసివ్వాలట. సభలో పదిమందికి సంబంధించిందే చెప్పాలట.

"కాలు నాది నొప్పెడుతుంటే పక్కవాడు కుంటాలా?" అంది అమ్మమ్మ, మొదటిసారి ఆ తలుపు ముందు నేను చదివి వినిపించినప్పుడు.

అక్షరాలా అదే జరిగింది. మార్కెట్‌లో గోడు మార్చుకోవడం అనే పద్ధతి పుట్టింది. నా కప్పు సంగతి నువ్వు చెప్పు, నీ కాలవ సంగతి నేను చెప్తా. చెప్పులు కుట్టే తాత నెత్తిన వాన కారుతుంటే అరటిపళ్ళావిడ వెళ్ళి మాట్లాడాలని ఒప్పందం. పాపం, ఆవిడ మైకును చూడగానే బిగుసుకుపోయి, పచ్చదీపం వెలిగినంతసేపూ దానివైపే చూసి, ఎర్రదీపం వెలిగాక "అంతేనండీ" అని వచ్చి కూర్చుంది. ఆ వానాకాలమంతా చెప్పుల తాత గొడుగు కింద కూర్చుని, "ఆ 'అంతేనండీ' నా మెడ మీదే పడుతోంది చూడు" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించాడు.

అమ్మమ్మ టీ కొట్టు వాళ్ళ మురుగుకాలవ గురించి మాట్లాడింది. మైకు ఉన్న దిమ్మ వెనక నిలబడితే తల కూడా కనిపించలేదు; మైకు వంచాల్సి వచ్చింది. మొదట మాట రాలేదు. తర్వాత దిమ్మ కింద అడ్డకర్ర ఒకటి కాలికి తగిలింది. దాన్ని తొక్కడం మొదలుపెట్టగానే మాట పెగిలింది. హాలంతా టకటక. గుమాస్తా ఎలుకేమోనని వంగి చూశాడు. ఆ కాలవకు మూత పడింది. అదే ఆవిడ చేసుకున్న పాపం. అప్పటినుంచి మార్కెట్‌లో ఎవరికి కష్టమొచ్చినా ఆవిడనే ముందుకు తోశారు. నెలకోసారి, పొద్దంతా మిషను తొక్కి, సాయంత్రం ఆ ఇనుప కుర్చీల్లో కూర్చుని, మన విషయం చిట్టచివర పెడితే చివరిదాకా కునికి, ఉసూరుమంటూ ఇంటికొచ్చేది. తోడుగా నేను. నీళ్ళ సీసా మోయడం నా ఉద్యోగం.

"అందరి గోడూ మోసి మోసి నడుం విరిగిందే. నాకంటూ ఓ కష్టం వస్తే మోయడానికి ఎవరుంటారో" అనేది చెప్పులు విడుస్తూ.

వచ్చింది. మెట్ల కింద చోటు ఖాళీ చేయించాలని ప్రతిపాదన. నిప్పంటుకుంటే జనం దిగాల్సిన మెట్లవి, కింద గుడ్డపేలికలు ఉండకూడదని ఇంజనీరు రాశాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అమ్మమ్మ కూడా లేదనలేదు. నోటీసు నాచేత చదివించుకుని, మడిచి సూదుల డబ్బా కింద పెట్టి, చేతిలో ఉన్న జిప్పు పని పూర్తి చేసింది. ఆ రోజంతా మిషను తిరుగుతూనే ఉంది గానీ ఒక్క మాట రాలేదు. అది చూసి నాకు భయం వేసింది.

మర్నాడు నాకు కూడా చెప్పకుండా వెళ్ళి, కౌన్సిల్ ఆఫీసు తలుపు తీయగానే, ఉంచాలనే వైపు తన పేరే ఇచ్చేసింది. "రూలు తెలీదా?" అంటే, "తెలుసు. ఇన్నాళ్ళు ఊరందరికోసం మాట్లాడాను, నా ఒక్కదానికి చూసీచూడనట్టు పోతారనుకున్నా" అంది. పోలేదు. సొంత విషయమని పేరు కొట్టేశారు.

తాళాలాయన బండి మూసి తాను బయల్దేరాడు. వెళ్ళినవాడు చాలాసేపటికి, పంటినొప్పి రెండింతలైన మొహంతో తిరిగొచ్చాడు. అక్కడ జరిగింది ఆయన నోట విన్నదే రాస్తున్నాను.

"ఉంచాలనే వైపు నిండిపోయింది" అన్నాడట గుమాస్తా.

"ఎవరితో నిండింది?"

"ఒకరు మైకు మామయ్య గారు. ఇంకొకరు ఆవిడే."

మైకు మామయ్య అంటే ఓ రిటైరైన పెద్దమనిషి. కమిటీలో ఏ విషయమున్నా, ఏదో ఒక వైపు ఆయన పేరు ముందే పడి ఉంటుంది. విషయంతో పనిలేదు, మైకుంటే చాలు.

"ఆవిడ పేరు కొట్టేశారు కదండీ?"

"కొట్టేశాం. కానీ ముందు రాశాం కదా. రాసిన పేరుకు చోటు ఖర్చయిపోయినట్టే." ఇలా అని గుమాస్తా, పళ్ళు అమ్మేవాడిలా, "తీసెయ్యాలనే వైపు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఒకటి ఇమ్మంటారా?" అన్నాడట.

ఈయన తీసుకున్నాడు!

అమ్మమ్మ మిషను ఆపేసింది. "ఏంటయ్యా నువ్వు చేసొచ్చింది? నన్ను తీసెయ్యమని చెప్తావా?"

"అది కాదు వదినా. ముందు మైకు చేతికి రావాలి కదా! వచ్చాక ఏ వైపు పేరిస్తే ఏంటి? నోరు నాదేగా. నీ గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పి దిగిపోతా."

"నీ నోట నాలుగు మంచి ముక్కలా? ఇన్నేళ్ళలో ఒక్కటి విన్నదాన్ని కాదు."

"అక్కడ వింటావుగా!" అని ఆకురాయి అందుకున్నాడు.

సభ రోజున అమ్మమ్మ కొంగు సరిచేసుకుని ముందు వరసలో కూర్చుంది. మా విషయం ఎప్పట్లాగే చివర. ముందు మరుగుదొడ్డి తలుపులకు ఏ రంగు వేయాలన్నది వచ్చింది. దాని మీద సభ్యులే విడిపోయి చాలాసేపు తన్నుకున్నారు. అధ్యక్షురాలు మెడ పట్టేసినట్టుంది, ఓ చేత్తో మెడ నొక్కుకుంటూ, ఇంకో చేత్తో నీళ్ళు తాగుతూ వింటోంది. మంచిదే ఆవిడ. అలిసిపోయిన మనిషి. ఆ హాల్లో అందరూ అలిసిపోయినవాళ్ళే, ఒక్క మైకు మామయ్య తప్ప.

ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు. తన చిన్నతనంలో ఆ మార్కెట్ మెట్లు ఎంత నున్నగా ఉండేవో, వాటి మీద పరుగెత్తితే ఎలా జారేదో, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఎలా ఎక్కించేవాడో చెప్పాడు. బాగా చెప్పాడు. ఆయన పైమెట్టు ఎక్కేసరికి ఎర్రదీపం వెలిగింది. మెట్ల కిందికి రానే లేదు.

"తొలగించాలని కోరే వక్త" అని గుమాస్తా పిలిచాడు.

తాళాలాయన వెళ్ళి నిలబడ్డాడు. మైకు తన ఎత్తుకు చాల్లేదు, దాన్ని పైకి లాగాడు. పచ్చదీపం వెలిగింది.

"అమ్మా, ఈ కుట్టావిడ చాలా మంచి మనిషి..."

టంగ్‌మని గంట కొట్టాడు గుమాస్తా. "మీరు తొలగించాలనే వైపు. అటే మాట్లాడాలి. లేదంటే మైకు ఆపాలి."

తాళాలాయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది, కాలం పోతూనే ఉంది. అమ్మమ్మ కాళ్ళు కుర్చీ కింద ఊరికే ఆడుతున్నాయి. ఆయన ఓసారి అమ్మమ్మ వైపు చూశాడు. అధ్యక్షురాలి వైపు తిరిగాడు.

"సరే. ఇబ్బందులే చెప్తానమ్మా. ఆవిడతో పడలేకపోతున్నాను. ఒక స్టూలు పెట్టుకుంది. ఊళ్ళో మోకాళ్ళ నొప్పులవాళ్ళంతా దాని మీదే కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? కోడలి సంగతులు, మందుల సంగతులు. అవన్నీ నా చెవిలో పడతాయి. వీధిలో ఎవరికి షుగరు ఎంతుందో నాకు తెలుసు. నాకెందుకమ్మా అది?"

ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా రాసుకుంటున్నాడు.

"గోడకు మేకు కొట్టింది. ఊరి తాళంచెవులన్నీ అక్కడే. తాళాల పని నాదా, ఆవిడదా? ఎవరూ తాళంచెవి పారేసుకోరు, పారేసుకోకపోతే నాకు పనేదీ? బడి వదిలితే పిల్లల మంద. ఎక్కాలు చదువుతారు. ఒకడు ఏడో ఎక్కం ఏడాదిగా తప్పే చదువుతున్నాడు. ఆవిడ దిద్దదు, ఆవిడకు రాదు. నేను బండి దగ్గర్నుంచి అరిచి దిద్దాలి."

ఇప్పుడు నవ్వు బాగానే వినిపించింది. కునికే సభ్యుడు లేచి కూర్చున్నాడు. తాళాలాయన మాత్రం నవ్వలేదు. ఆయనకు ఊపొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఇవన్నీ ఆయన రోజూ సణిగేవే, కొత్తవేం కావు.

"మనిషి దారినపోతే ఊరుకోదమ్మా. తిన్నావా అంటుంది, గుండీ ఊడిందేంటంటుంది, రమ్మని లాగి ఒంటి మీదుండగానే కుట్టేస్తుంది. రెండుసార్లు సూది గుచ్చింది నన్ను." పసుపుదీపం వెలిగింది. ఆయన గొంతు తగ్గింది. "అబద్ధాలు కూడా ఆడుతుంది, రాసుకోండి. మా ఇంటిది పోయినప్పుడు నేను బండి తియ్యలేదు. తలుపేసుకుని పడుకున్నాను. ఈవిడ వచ్చి తలుపులు బాదింది. ఇంటి తాళం పట్టేసింది, బయటే నిలబడి ఉన్నాను, వచ్చి తియ్యవయ్యా అంది. సామాను పట్టుకుని పరుగెత్తాను. చూస్తే తాళం శుభ్రంగా ఉంది. చెవి ఆవిడ బొడ్లోనే ఉంది. 'ఎలాగూ లేచొచ్చావు, బండి దగ్గరికి పద' అంది. అలాంటి మనిషమ్మా. పక్కన పెట్టుకుని ఎలా బతకాలి?"

ఎర్రదీపం వెలిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టకూడదు కదా. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అమ్మమ్మ కాళ్ళు ఆడటం ఆగిపోయింది.

సభ్యులు చేతులెత్తారు. మిషను ఉంచాలనే చేతులే ఎక్కువ. నేను అమ్మమ్మ భుజం నొక్కాను. ఇంతలో గుమాస్తా ఏదో కాగితం జరిపాడు. అధ్యక్షురాలు చదివి, మెడ నొక్కుకుని, మెల్లిగా చెప్పింది.

"మిషను ఉండవచ్చు. పేలికలు ఏ రోజువి ఆ రోజు తీసుకుపోవాలి. ఇంకా, తొలగించాలని కోరిన వక్త చెప్పిన ఇబ్బందుల దృష్ట్యా, ఆ చోటు చుట్టూ గీత గీస్తారు. గీత లోపల వేరే ఆసనం ఉండకూడదు. ఇతరుల తాళంచెవులు, వస్తువులు దాచకూడదు. పిల్లల్ని ఆపుకోకూడదు. పనిలేనివాళ్ళు గుమికూడకూడదు."

అమ్మమ్మ చెయ్యెత్తింది. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. సొంత విషయం.

సభ ముగిశాక అధ్యక్షురాలు మా దగ్గరగా వచ్చి ఆగింది. "ఏమనుకోకమ్మా. ఆయన చెప్పినవి ఇబ్బందులుగానే నమోదయ్యాయి. నేనూ నవ్వాను. కానీ నవ్వు నమోదు కాదు" అని, బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తుంటే తాళాలాయన మా వెనక, దూరంగా వస్తున్నాడు. మేం ఆగితే ఆగుతున్నాడు. చివరికి ధైర్యం చేసి, "వదినా..." అన్నాడు.

"మాట్లాడకు. నీ మూడు నిమిషాలూ అయిపోయాయి" అంది అమ్మమ్మ వెనక్కి తిరక్కుండానే.

మర్నాడు పసుపు రంగు డబ్బాతో మనిషి వచ్చి గీత గీసి పోయాడు. అమ్మమ్మ స్టూలు ఎత్తి మడత అట్టతో సహా గీత బయట పెట్టింది. తాళంచెవులు ఒక్కొక్కటే ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది. పిల్లలు వస్తే, "పోండ్రా, నా ఉద్యోగం ఊడగొట్టకండి" అంది. వాళ్ళు వెనక్కి చూసుకుంటూ పోయారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కమ్మీ పట్టుకుని, ఆవిడ వైపు ఓ చూపు విసిరి, ఆయాసపడుతూ ఎక్కిపోయారు.

చోటు మిగిలింది. దానికోసమే కదా ఇంత పాటూ! మిషను తిరిగేది, జిప్పులు పడేవి, అంచులు విప్పేది. కానీ తొక్కుతూ తొక్కుతూ ఏదో మొదలుపెట్టి, వినేవాళ్ళు లేక, సగంలో వదిలేసేది. బాబిన్ నిండుగా ఉన్నా వాక్యం పూర్తయ్యేది కాదు. ఇంటికొచ్చి నా దగ్గర పూర్తి చేస్తుందేమోనని చూశాను. అన్నం ముందు కూర్చుని, "అలిసిపోయానే" అనేది. అంతకుముందు కూడా అనేది, కానీ అప్పుడు అలసట గురించి గంటసేపు చెప్పేది.

తనిఖీకి వచ్చిన ఉద్యోగి మాత్రం గీత లోపల చూసి, "ఇప్పుడు చక్కగా ఉంది" అని మెచ్చుకుని పోయాడు.

తాళాలాయన కొన్నాళ్ళు తలెత్తలేదు. ఆకురాయి గీకుడు కూడా దొంగతనంగా గీకేవాడు. ఓ రోజు నేను అన్నం క్యారేజీ తీసుకెళ్ళేసరికి స్టూలు గీత పక్కన లేదు. చూస్తే ఆయన బండి పక్కన ఉంది. దాని మీద, ఎప్పుడూ మెట్లు ఎక్కే ముందు మా దగ్గర ఆగే పెద్దావిడ కూర్చుని, షుగరు లెక్కలు చెబుతోంది. ఆయన పంటినొప్పి మొహంతో వింటున్నాడు.

తర్వాత తాళంచెవులు వచ్చాయి. వెనక వీధివాళ్ళు మళ్ళీ తగిలించి పోవడం మొదలుపెట్టారు, ఈసారి ఆయన బండికి. బండి నిండా వేలాడే చెవుల్లో ఏది అమ్మకానిదో, ఏది ఎవరింటిదో ఏ తనిఖీ వాడు కనిపెడతాడు? ఆ తర్వాత పిల్లలు. ఏడో ఎక్కం వాడు ముందు. ఇప్పుడు బండి దగ్గర్నుంచి అరవాల్సిన పని కూడా లేదు, వాడు సరిగ్గా ఆయన చెవి పక్కనే తప్పు చదివేవాడు.

అమ్మమ్మ ఓ పూటంతా చూసింది. మిషను తొక్కుతూ, గీత లోపలి నుంచే మొదలుపెట్టింది.

"ఏవయ్యా, ఆ పిల్లాడు తిన్నాడా, అడిగావా?"

"నువ్వే అడుగు వదినా, నాకు పనుంది."

"గీత అవతల సంగతులు నావి కావు. రూలు."

"నోటికి గీత గియ్యలేదుగా!" అన్నాడాయన.

ఆ రోజు చాలా వాక్యాలు పూర్తయ్యాయి. అవతలివాళ్ళకు వినిపించాలని గట్టిగా అరిచి చెప్పడం వల్ల ఇంటికొచ్చేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. వేణ్ణీళ్ళతో పుక్కిలిస్తూ, "ఈ వయసులో నాకీ అరుపులేంటే" అని విసుక్కుంది. కానీ ఆ విసుగు చెప్పడానికే గంట పట్టింది.

ఇలా ఎన్నాళ్ళో సాగలేదు. వీధి కౌన్సిల్‌దే గానీ వేరే కమిటీది; నిబంధనలు మాత్రం అవే. తాళాలాయన బండి దగ్గర జనం మూగి దారికి అడ్డుగా ఉన్నారని, బండిని అక్కణ్ణుంచి తీయించాలని ప్రతిపాదన. ఆయన నోటీసు పట్టుకుని గీత దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. అమ్మమ్మ జేబు కుడుతోంది. ఆపలేదు.

"సొంత విషయం నువ్వు మాట్లాడకూడదు" అంది.

"తెలుసు."

"ఉంచాలనే వైపు మీ మైకు మామయ్య ఎక్కేసే ఉంటాడు."

"ఇంకా ఒకటి ఉంటుందేమో వదినా. లేకపోతే..." అని నసిగాడు. "అటువైపుదైనా తీసుకో. నీకు నా మీద చెప్పడానికి బోలెడుందిగా."

అమ్మమ్మ మిషను ఆపి, సూది పైకెత్తి, దారం కొరికింది. ఆవిడ మొహంలో ఆ సాయంత్రాలన్నీ, ఆ ఇనుప కుర్చీలన్నీ, చివరికి జరిపిన మా విషయాలన్నీ కనిపించాయి నాకు. కాళ్ళు పలక మీంచి దించింది. ఓ పాదంతో బల్ల కింద చెప్పులు వెతుక్కుంటూ నాతో అంది:

"నీళ్ళ సీసా తీసుకోవే. ఈసారి ఆ గుమాస్తా నా పేరు ఎటు రాస్తాడో పక్కనే నిలబడి చూడాలి. ఇంకో గీత దాటి అరిచే ఓపిక నాకు లేదు."